మహూజ్‌లో పదో మనిషి

బహ్రెయిన్ ఎందుకెళ్ళావని ఎవరడిగినా నా జవాబు ఒకటే: నన్ను హార్మోనియం తీసుకెళ్ళింది. గొప్పలు పోతున్నాననుకుంటే అనుకోండి. పౌరాణిక నాటకాలకు పాతికేళ్ళు హార్మోనియం వాయించినవాణ్ణి, ఆ మాత్రం చెప్పుకునే హక్కు నాకుంది. తొంభైల చివర ఒక శివరాత్రికి అక్కడి తెలుగువాళ్ళు తలా కొంత వేసుకుని మా ట్రూపును పిలిపించారు. సామర్లకోటలో రైలెక్కి బొంబాయి, అక్కణ్ణుంచి మూడు గంటల పైచిలుకు విమానంలో ఎయిర్‌పోర్టు ఉన్న ముహర్రక్. రెండు ప్రదర్శనలు దుమ్ము లేచిపోయేలా జరిగాయి. తర్వాత ట్రూపంతా వెనక్కి వెళ్ళిపోయింది, నేను మాత్రం వీసాకి ఇంకా గడువుందని ఆగిపోయాను. మహూజ్‌లో ఒక యూదుల ఇంట్లో మా రత్నమక్క తొమ్మిదేళ్ళుగా వంట చేస్తోంది. ఆమెను చూడకుండా వస్తే మా అమ్మ నన్ను గడప తొక్కనిచ్చేది కాదు.

అక్క ఉండే చోట మగవాళ్ళు ఉండకూడదు కాబట్టి హిద్‌లో లచ్చన్న ఉండే కూలీల క్యాంపులో దిగాను. లచ్చన్నది జగిత్యాల వైపు, బిల్డింగు పని. మా నాటకం రెండు రోజులూ ముందు వరసలో కూర్చుని చూసి, నన్ను చేయి పట్టుకుని తన గదికి తీసుకుపోయిన మనిషి. హోలీ పున్నమికి ముందురోజు క్యాంపు ఫోనుకి అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్ సూరిబాబూ, రేపు మా మామా ఇంట్లో పండగ. ఇద్దరు బొంబాయి పెద్దాళ్ళు పాటలు పాడతారు. ఆళ్ళకి హార్మోనీ వాయించే మనిషి కావాలంట. మా తమ్ముడున్నాడని చెప్పేశాను. పరువు తీయకు" అంది. గల్ఫులో పనిమనుషులు ఇంటి యజమానురాలిని మామా అంటారు. ఆ ఇంటి మామా పేరు హబీబా, డెబ్బై దాటిన యూదు ముసలావిడ.

మనకి హోలీ పున్నమి వచ్చిన రోజునే వాళ్ళకి పూరీం అనే పండగ వచ్చింది. పూర్వం ఒక మంత్రి వాళ్ళ జాతినే లేకుండా చేయబోతే ఒక రాణి తెలివిగా అడ్డుకుందట. ఆ సంతోషానికి ఆ రోజు తిండి, వేషాలు, వెక్కిరింపు. పూజారిని, పెద్దల్ని, ఆఖరికి దేవుణ్ణి కూడా ఆటపట్టించొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. ఆ ఇద్దరు పెద్దమనుషులూ ఇరవై రెండేళ్ళుగా ఆ పండగకి హబీబా మామా ఇంట్లో తమ మీద, తమ మతం మీద, తమ ఆచారాల మీద తామే కట్టిన వెటకారం పాటలు పాడుతున్నారు. మన దగ్గర ఇలాంటి పని చేస్తే మర్నాడు పంచాయితీ పెడతారు. అందుకే చూసి తీరాలనుకున్నాను.

గురువారం పొద్దున ఎనిమిదిన్నరకి హార్మోనియం పెట్టె భుజానికెత్తుకుని బయల్దేరాను. "ఏందన్నా, పొద్దుగాల్నే పెట్టె సదురుకున్నవ్?" అన్నాడు లచ్చన్న. సంగతి చెప్పాను. "మంచిగుంది పో. గీ సర్వపిండి అక్కకియ్యి. నేను ఊకెనే తల్సుకుంటనని చెప్పు. మీ అక్క ఒక్కపారి పప్పుచారు పంపింది, దుబాయికొచ్చి పన్నెండేండ్లాయె, గసొంటి చారు తాగలే" అంటూ ఒక పొట్లం చేతిలో పెట్టాడు. ఆయనకి గల్ఫంతా దుబాయే. హిద్ నుంచి ముహర్రక్ మీదుగా రాజధాని మనామాకి బస్సు, అప్పట్లో యాభై ఫిల్సులు. కిటికీ వైపు కూర్చుంటే వంతెన మీద రెండు పక్కలా సముద్రం కనిపిస్తుంది. మార్చి నెల కాబట్టి ఎండ బాధ లేదు, గాలి మాత్రం ఇసకతో కొట్టింది. తొమ్మిదిన్నరకల్లా మనామా బస్టాండులో దిగి, పక్కనే బజారులోకి నడిచాను. గురువారం మధ్యాహ్నానికి చాలా షట్టర్లు దించేస్తారు, మీరు వెళ్ళేటట్టయితే పొద్దున్నే వెళ్ళండి.

సోలమన్ గారి టైలరు కొట్టు బజారు వెనక సందులో ఉంది. మూడు మిషన్లు, గోడకి వేలాడే తెల్లటి థోబులు, అంటే అరబ్బులు తొడిగే పొడుగు అంగీలు, మూలన ఒక డోలక్. సోలమన్ గారికి అరవై ఎనిమిది, పొడవాటి మనిషి, మెడలో టేపు. డానియేల్ గారు ఆయన బావమరిది, గుండ్రంగా, పొట్టిగా ఉంటారు, గడియారాలు బాగుచేస్తారు. ఇద్దరూ బొంబాయి యూదులు, కుర్రతనంలోనే ఇక్కడికొచ్చారు. సోలమన్ గారి భార్య, అంటే డానియేల్ గారి అక్క, పోయినప్పటి నుంచీ ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారు. నా హిందీ మా నాటకంలో రాక్షసుడి సంస్కృతంలా ఉంటుంది గానీ పని జరిగిపోతుంది.

"ఉస్తాద్, నీకు మా పాటలు తెలుసా?" అన్నారు సోలమన్ గారు.

"తెలీదు. మీరు పాడండి, నేను పట్టుకుంటాను."

"మా మతం గురించి తెలుసా?"

"అదీ తెలీదు."

"భేష్! మాకూ అంతంతమాత్రమే. ఇక మొదలుపెడదాం" అన్నారాయన. అక్కడికక్కడే నాకు ఆ మనిషి నచ్చేశారు.

నాలుగు పాటలు వినిపించారు. అన్నిటికీ వాళ్ళే కట్టుకున్న బొంబాయి హిందీ మాటలు. అందరికీ ఇష్టమైనది చివరిదట. వాళ్ళ ఆచారంలో కొన్ని ప్రార్థనలకు పదిమంది మగవాళ్ళు ఉండి తీరాలి. మనామాలో ఉన్న యూదులే గుప్పెడుమంది, ఈ బజారులోనే ఉన్న వాళ్ళ ప్రార్థన మందిరం ఎప్పుడూ తాళం వేసే ఉంటుంది. పాటలో సోలమన్ గారు వీధివీధీ తిరిగి పదిమందిని పోగేస్తారు. ఒకడు నిద్రపోతుంటాడు, ఒకడు కుర్చీ కోసం తగువు పెట్టుకుని అలిగి ఉంటాడు, ఒకడు "దేవుడికి నేనేమీ బాకీ లేను, నన్నెందుకు పిలుస్తావ్" అంటాడు. తొమ్మిదిమంది అయ్యాక ఆఖరి చరణం: "పదోవాడు మా డానియేల్, ఊరి గడియారాలన్నీ బాగుచేస్తాడు, తాను మాత్రం టైముకి రాడు!" డానియేల్ గారు డోలక్ మీద ఠపీమని కొట్టి, "వస్తున్నానయ్యా!" అని కేకేస్తారు. రెండుసార్లు సాధన చేశాం, రెండుసార్లూ నవ్వు ఆపుకోలేక నా చేతులు తప్పాయి.

సోలమన్ గారు చాయ్ చెప్పడానికి బయటికెళ్ళగానే డానియేల్ గారు నా పక్కకి జరిగారు. "ఉస్తాద్, ఒక మాట. ఏడాదిగా మా సోలమన్ జీజాజీకి మాటలు జారిపోతున్నాయి. పాడుతూ పాడుతూ మధ్యలో ఆగిపోతాడు. అందుకే హార్మోనియం వదిలేశాడు, రెండూ చేయలేకపోతున్నాడు. ఇంకా ఎవరికీ తెలీదు."

"తెలిస్తే ఏం? పెద్దవారు, అర్థం చేసుకుంటారు" అన్నాను.

"అదే నా భయం. అర్థం చేసుకుంటారు, జాలిపడి చప్పట్లు కొడతారు. ఇన్నేళ్ళు ఈయన్ని చూసి పొట్టలు పట్టుకుని నవ్విన జనం. ఒక్కసారి జాలిపడ్డారంటే ఈయన మళ్ళీ నోరు తెరవడు. నాకు తెలుసు. ఈ పూట వాళ్ళు నవ్వాలి, ఉస్తాద్. నవ్వితే చాలు."

నేను పెట్టె మీద చెయ్యేసి చెప్పాను: "మా నాటకంలో రాజు వేషగాడు తాగొచ్చి పద్యం మర్చిపోతే, వెయ్యిమంది జనానికి తెలియకుండా ఒడ్డున పడేసేది ఎవరనుకున్నారు? హార్మోనిస్టు. ఆయన ఎక్కడ ఆగితే అక్కడ నేను రాగం అందుకుంటాను. తర్వాతి వరస వినిపించేసరికి మాట దానంతటదే నోట్లోకొస్తుంది. మీరు నిశ్చింతగా డోలక్ వాయించండి." ఉత్త మాట కాదది. పాతికేళ్ళలో ఎంతమందిని అలా ఒడ్డెక్కించానో నాకే తెలీదు. డానియేల్ గారు నా చెయ్యి గట్టిగా పట్టుకుని, సోలమన్ గారు వస్తున్న అలికిడికి వదిలేశారు.

పన్నెండున్నరకి ముగ్గురం షేరింగు టాక్సీ ఎక్కాం, మహూజ్‌కి మనిషికి రెండు వందల ఫిల్సులు. డ్రైవరు బహ్రెయినీ ముసలాయన, హిందీ గలగలా మాట్లాడతాడు. వెనక్కి తిరిగి, "అరే సోలమన్ భాయ్! నా పెళ్ళి థోబు నువ్వే కుట్టావు, గుర్తుందా?" అన్నాడు. గుర్తుందా అన్న మాట వినగానే నేను డానియేల్ గారి వైపు చూశాను. సోలమన్ గారు మాత్రం క్షణం ఆలోచించకుండా, "అప్పుడు నీ ఛాతీ ముప్పై నాలుగు. ఇప్పుడు ఆ గుడ్డ నీ ఒక్క చేతికి సరిపోతుంది" అన్నారు. డ్రైవరు స్టీరింగు మీద కొట్టుకుంటూ నవ్వాడు. డానియేల్ గారూ నవ్వారు. ముప్పయ్యేళ్ళ కిందటి కొలత చెప్పిన మనిషికి ఇవాళ్టి పాట ఒక లెక్కా అని నాకు ధైర్యం వచ్చేసింది.

హబీబా మామా ఇల్లు మహూజ్‌లో అపార్టుమెంటు బ్లాకుల మధ్య మిగిలిపోయిన పాత మేడ. పెరటి తలుపు దగ్గర అక్క నన్ను చూడగానే వెలిగిపోయింది, పొట్లం చూడగానే ఆ వెలుగు ఆరిపోయింది. "అదేంట్రా చేతిలో? పిండొంటా? అయ్యబాబోయ్, లోపలికి తేకు! ఈళ్ళ వంటింటికి మన మడి కన్నా పెద్ద మడి ఉందిరా. పాల గిన్నెలు ఇటు, మాంసం గిన్నెలు అటు. గరిటె మారిందంటే నా పని ఖలాస్" అంటూ లచ్చన్న సర్వపిండిని పెరటి గోడ మీద పెట్టించింది. యూదుల ఇంటికి వెళ్ళేవాళ్ళు బయట వండినవి పట్టుకెళ్ళకండి, కోయని పళ్ళయితే ఎవరికీ ఇబ్బంది లేదు. ఆ గోడ దగ్గరే నిలబడి అక్క సగం సర్వపిండి కరకర నమిలేసింది. "లచ్చన్న చెయ్యి మంచిది రా. తొమ్మిదేళ్ళలో నాకోసం ఎవరైనా వండి పంపడం ఇదే మొదలు" అంది, కళ్ళు తుడుచుకుని మళ్ళీ పొయ్యి దగ్గరికి పరిగెత్తింది.

శనగల సంబూసాలు, ఖర్జూరం బిళ్ళలు, కోడి పలావుతో భోజనాలయ్యాక మూడింటికి హాల్లో అందరూ కూర్చున్నారు. పాతికమంది ఉంటారు. వాళ్ళవాళ్ళు కొందరు, పక్కింటి అరబ్బు కుటుంబం, ఇద్దరు ముగ్గురు సింధీ వ్యాపారులు. చివర్లో తలుపు దగ్గర మా అక్క. హబీబా మామా నెత్తిన కాగితపు కిరీటం పెట్టుకుని ముందు కుర్చీలో కూర్చుని, "యల్లా, కానివ్వండి, మమ్మల్ని తిట్టండి!" అంది.

మొదటి పాట ఫ్రిజ్ మీద. పాలకీ మాంసానికీ మధ్య గీత గీసుకున్న పెళ్ళాం, మంచం మధ్యలో కూడా అలాగే గీత గీస్తుంది. అక్క కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది, ఆ ఫ్రిజ్ తుడిచేది ఆమే కదా. రెండోది లిఫ్టు మీద. శనివారం మీట నొక్కకూడదు కాబట్టి ఒక భక్తుడు లిఫ్టులో ఎక్కి, ఎవరో ఒకరు నొక్కకపోతారా అని సాయంత్రందాకా పైకీ కిందకీ తిరుగుతూనే ఉంటాడు. సోలమన్ గారు గొంతు కూడా పైకీ కిందకీ తిప్పి పాడుతుంటే నేను హార్మోనియం తిత్తి నొక్కిపెట్టి లిఫ్టు మోత పుట్టించాను. హాలు ఊగిపోయింది.

మూడోది పెళ్ళిచూపుల పాట. ఉన్నదే నాలుగిళ్ళు, పిల్లను చూడ్డానికి వెళితే ఆ పిల్ల అత్త కూతురే. మనకైతే అది శుభమస్తు, వాళ్ళకి అది కామెడీ. రెండో చరణంలో సోలమన్ గారు ఆగిపోయారు. నోరు తెరిచి ఉంది, కళ్ళు ఎక్కడో ఉన్నాయి. నేను వెంటనే రాగం అందుకున్నాను. అలవాటు ఊరుకుంటుందా, రాజు వేషగాడికి ఇచ్చినట్టే సాగదీసి, మెలికలు తిప్పి, పై స్థాయికి ఎక్కించి కూర్చోబెట్టాను. సోలమన్ గారు నా వైపు ఆశ్చర్యంగా చూసి, "ఆ... ఆ..." అంటూ తానూ ఎక్కారు. ముందు వరసలో ఒకాయన తొడ చరిచి, "మా ప్రార్థన చదివించే పెద్దాయన అచ్చం ఇలాగే! అన్నం చల్లారిపోయేదాకా ఆపడు!" అని అరిచాడు. అందరూ విరగబడి నవ్వారు. ఎవరి మీద వేళాకోళమో నాకే తెలీకుండా వేళాకోళం అయిపోయింది. ఈలోగా చరణం దొరికింది, పాట గట్టెక్కింది. డానియేల్ గారు నాకు కన్ను కొట్టారు. నేనూ మీసం మీద చెయ్యేశాను, అబద్ధమెందుకు చెప్పాలి.

ఆఖరి పాట మొదలవుతూనే జనం చప్పట్లు కలిపారు. ఇరవై రెండేళ్ళుగా విన్న పాట, సగంమందికి నోటికి వచ్చు. వేళ్ళు మడుస్తూ సోలమన్ గారు ఒక్కొక్కరినీ పట్టుకొచ్చారు. నిద్రపోతున్నవాడు వచ్చాడు, అలిగినవాడు వచ్చాడు. తొమ్మిదోవాడూ వచ్చాడు. "పదోవాడు..." అని డానియేల్ గారి వైపు చెయ్యి చాపారు, డోలక్ మీద ఆయన చెయ్యి లేచింది.

పేరు రాలేదు.

నేను వరస వాయించాను. మళ్ళీ వాయించాను. మూడోసారి ఆ పేరు పలికే స్వరాలు విడివిడిగా, పిల్లవాడికి అక్షరాలు దిద్దించినట్టు వాయించాను. సోలమన్ గారు చెయ్యి చాపినవాడు చాపినట్టే ఉండి, ఎదురుగా కూర్చున్న బావమరిదిని చూస్తున్నారు. ఆ చూపు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. బస్సులో ఎదుటి సీటు మనిషిని ఎక్కడో చూశానే అనుకుంటామే, అలా చూశారు. మాట మర్చిపోతే నా దగ్గర మందుంది. మనిషినే మర్చిపోతే నా దగ్గర ఏ రాగమూ లేదు. చప్పట్లు ఒక్కొక్కటే తగ్గాయి. ముందు కుర్చీలో హబీబా మామా నవ్వు ఆగిపోయింది, కిరీటం సర్దుకుంటున్న చెయ్యి అక్కడే నిలిచిపోయింది. అయిపోయింది, ఇక జాలిపడతారు అనుకున్నాను.

డానియేల్ గారు చేయి దించలేదు. పేరు అందించలేదు, పెదవి కూడా కదపలేదు. నవ్వు మొహంతో అలాగే చూస్తూ కూర్చున్నారు.

సోలమన్ గారు చాపిన చెయ్యి నెమ్మదిగా తన గుండెల మీద వేసుకున్నారు. తర్వాత జనం వైపు తిరిగి, వరసలోనే పాడారు: "పదోవాడి పేరు... ఏదో ఉంది. పేరుతో పనేముంది? అందరికన్నా ముందే వచ్చి కూర్చున్నాడుగా!"

ఒక్క క్షణం ఆగి హాలు పేలిపోయింది. ఏటేటా టైముకి రాని డానియేల్ ఈ ఏడాది ముందే వచ్చాడని సోలమన్ గారు కావాలనే పాట మార్చారని వాళ్ళు అనుకున్నారు. సింధీ వ్యాపారి ఒకాయన కుర్చీలోంచి జారిపోయాడు. అందరికన్నా గట్టిగా నవ్వింది హబీబా మామా, నవ్వుతూనే కిరీటం తీసి మొహానికి అడ్డం పెట్టుకుంది. డానియేల్ గారు డోలక్ మీద ఠపీమని కొట్టి, "వచ్చానయ్యా!" అని కేకేశారు. ఆయన బుగ్గల మీద నీళ్ళు కారుతున్నాయి. మిగతావాళ్ళవీ కారుతున్నాయి కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

ఐదు గంటలకి గేటు దగ్గర టాక్సీ కోసం ముగ్గురం నిలబడ్డాం. డానియేల్ గారు డోలక్‌ని గుడ్డలో చుడుతున్నారు. సోలమన్ గారు హుషారుగా ఉన్నారు, నా భుజం తట్టి, "ఉస్తాద్, నీ రాగం అదిరింది" అన్నారు. తర్వాత నా చెవి దగ్గరికి వంగి, మర్యాద కోసం గొంతు తగ్గించి అడిగారు: "ఆ డోలక్ వాయించినాయన ఎవరు? చెయ్యి బాగుంది. వచ్చే ఏడు కూడా పిలుద్దామా?"

గుడ్డ ముడి వేస్తూ తల ఎత్తకుండానే డానియేల్ గారు అన్నారు: "పిలవండి సాబ్. తప్పకుండా వస్తాను."

ఊరికొచ్చాక చాలా ఏళ్ళు ఈ కథని నా గొప్పగానే చెప్పుకున్నాను. బహ్రెయిన్‌లో మునిగిపోతున్న కచేరీని ఒంటిచేత్తో ఒడ్డున పడేశానని, నా రాగానికి యూదులు కూడా విరగబడి నవ్వారని. మూడో పాట వరకు అది నిజమే, దాన్ని నేనెవరికీ వదులుకోను. కానీ నాలుగో పాటని నిలబెట్టింది నేను కాదు. అందించగల పేరుని నోట్లోనే ఉంచుకుని, ఆ మనిషి వెతుక్కోవడానికి కావలసినంతసేపు ఎదురుగా కూర్చున్నవాడు నిలబెట్టాడు. నాకు ఆ ఓర్పు లేదు, పాతికేళ్ళ అనుభవంలో అది నేర్పిన గురువూ లేడు. మర్నాడు ఫోన్లో అక్క, "మామా రాత్రంతా ఆ పాటే పాడుకుందిరా" అని చెప్పింది. వాళ్ళు నవ్వారు, డానియేల్ గారు అడిగింది అదొక్కటే.

మీరూ అటు వెళితే, ఎవరైనా ఇంట్లో పాటకి పిలిస్తే, ఒక్క సలహా. పాడేవాళ్ళు పెద్దవాళ్ళయితే, వాళ్ళు అడిగేదాకా ఆగకుండా మీ పేరు మీరే ముందు చెప్పండి. కాసేపటికి మళ్ళీ అడిగితే మళ్ళీ చెప్పండి, మొదటిసారి చెబుతున్నట్టే చెప్పండి.